ఇంటర్వెల్ దాకా చదివే పరబ్రహ్మం

ఫిల్మ్‌నగర్‌లో పరబ్రహ్మం అందరికీ తెలిసిన మనిషి. ఆ పేరు పెట్టిన తాతగారికి ముందుచూపు ఉందనుకోవాలి. ముప్పై ఏళ్ళుగా ఆయన లేని సినిమా ఆఫీసు లేదు, ఆయన కనబడిన చోటూ లేదు. కో-డైరెక్టర్‌గా పనిచేసిన సినిమాల్లో కొన్నింటికి తెర మీద పేరు పడింది గానీ, అది పడే సమయానికి జనం ఇంకా చీకట్లో సీట్లు వెతుక్కుంటూ ఉంటారు.

తెనాలి పక్క పల్లెలో పుట్టి, డైరెక్టర్ అవుదామని హైదరాబాదు వచ్చాడు. మొదట కృష్ణానగర్‌లో నలుగురితో కలిసి ఒక గది, పెళ్ళయ్యాక వెంగళరావు నగర్‌లో రెండు గదుల పోర్షన్. భార్య కౌసల్య ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. ఇల్లు ఆవిడ జీతం మీద నడిచింది. భర్త డైరెక్టరయ్యే విషయం ఆ ఇంట్లో చాలాకాలంగా ఎవరూ ఎత్తడం లేదు. ఊరెళ్ళి తిరిగిరాని బంధువు గురించి మాట్లాడటం మానేసినట్టు మానేశారు.

పరబ్రహ్మానికి ఒక విద్య వచ్చు. కథ చెప్పడం. సినిమా తీసేవాళ్ళు కథలు చదవరు, వింటారు. ఆ వినడం కూడా ఇంటర్వెల్ దాకానే. అక్కడికి వచ్చేసరికి ఎవరిదో ఫోన్ వస్తుంది, లేదా బిర్యానీ వస్తుంది, లేదా నిద్ర వస్తుంది. "ఫస్టాఫ్ బాగుంది బ్రహ్మం, సెకండాఫ్ మళ్ళీ కూర్చుందాం" అంటారు. ఆ మళ్ళీ ఎప్పుడూ రాదు. అందుకని ఆయన ఫస్టాఫులు నున్నగా తయారయ్యాయి. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ కుర్చీలోంచి లేవాలో, ఎక్కడ కళ్ళద్దాలు తీసి తుడుచుకోవాలో అన్నీ కుదిరాయి. సెకండాఫ్ ఒకే ఒకసారి పూర్తిగా చెప్పాడు, కౌసల్యకి. ఆవిడ పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ విని, చివర "అయిపోయిందా?" అని అడిగింది.

ఈ అలవాటు పుస్తకాలకీ పాకింది. ఆదివారం కోఠీ పేవ్‌మెంట్ మీద పాత నవలలు కొనుక్కొచ్చి నిజంగానే ప్రేమగా చదివేవాడు. సరిగ్గా సగంలో, కథ ముడిపడే చోట, పుస్తకం మూసేసి బాల్కనీలోకి వెళ్ళి నిలబడేవాడు. ఆ రచయిత ముడి వేసిన తీరుకి తల పంకించేవాడు. మిగతాది తనే ఊహించుకునేవాడు. రచయిత రాసిన దానికన్నా తన ఊహే బాగుంటుందని ఆయన నమ్మకం. చదివి పోల్చి చూడలేదు కాబట్టి ఆ నమ్మకానికి ఏ లోటూ రాలేదు.

జూబ్లీ హిల్స్‌లో శ్యామలాదేవి ఇంటికి ఆయన మొదట వెళ్ళింది ఆవిడ భర్త చంద్రశేఖర్‌కి కథ చెప్పడానికే. చంద్రశేఖర్ తీసినవి కొన్ని సినిమాలు, కట్టినవి చాలా అపార్ట్‌మెంట్లు. ఆయన ఎప్పుడు కిందికి దిగుతాడా అని హాల్లో కూర్చున్న పరబ్రహ్మం చేతిలో ఒక పాత నవల ఉంది. అటుగా వెళ్తున్న శ్యామలాదేవి ఆగింది. ఆవిడ భీమవరం కాలేజీలో తెలుగు ఎమ్మే చదివింది. పెళ్ళయి జూబ్లీ హిల్స్ కొండెక్కాక, ఇంట్లో పుస్తకం గురించి మాట్లాడే మనిషి దొరకలేదు.

"ఎలా ఉందండీ నవల?" అని అడిగింది.

పరబ్రహ్మం చెప్పాడు. నిలబడే, సగం దాకా, కళ్ళద్దాలు తుడుచుకోవడంతో సహా. ఆ రోజు చంద్రశేఖర్ కథ వినలేదు గానీ, శ్యామలాదేవి ఆయన్ని తన వాట్సాప్ గ్రూపులో చేర్చింది.

గ్రూపు పేరు "పుటలు-ముచ్చట్లు". జూబ్లీ హిల్స్, శ్రీనగర్ కాలనీ, ఆ చుట్టుపక్కల పుస్తక ప్రియులంతా అందులో ఉన్నారు. బిల్డర్ల భార్యలు, ఒక దంతవైద్యుడు, ఒక రిటైర్డ్ కలెక్టరు, టీవీ సీరియల్లో అత్తగారి వేషాలు వేసే ఒకావిడ. నియమం ఒక్కటే. ప్రతి సాయంత్రం ఎంతవరకు చదివారో చెప్పాలి, నచ్చితే పదిమందికీ సిఫారసు చెయ్యాలి.

ఈ నియమాన్ని అందరూ భక్తిగా పాటించేవారు. కాఫీ కప్పు పక్కన పుస్తకం, కుక్కపిల్ల పక్కన పుస్తకం, ఈతకొలను గట్టు మీద పుస్తకం. అన్ని ఫొటోల్లోనూ పుస్తకం మూసే ఉండేది. దంతవైద్యుడు ఒకే నవల మీద ఏడాదిగా రోజూ కొద్దికొద్దిగా ముందుకు వెళ్తున్నాడు. ఆయన లెక్క ప్రకారం ఆ నవల ఎప్పుడో అయిపోయి వెనక అట్ట కూడా దాటిపోవాలి. అయినా రోజూ చప్పట్ల బొమ్మలు పడుతూనే ఉన్నాయి. కలెక్టరు గారు ఏ పుస్తకం గురించైనా "మానవ సంబంధాల లోతుల్ని తడిమింది" అని రాసేవాడు. ఒకసారి పొరపాటున వంటల పుస్తకం గురించి కూడా అదే రాశాడు. దానికీ చప్పట్లు పడ్డాయి.

ఉన్నది ఉన్నట్టు రాసేది ఒక్క కరుణాకుమారి. గుంటూరు మనిషి. అమీర్‌పేట వైపు ఒక జూనియర్ కాలేజీలో లెక్చరర్. ఆదివారం చర్చి నుంచి నేరుగా గ్రూపు సమావేశానికి వచ్చేది. "ఈ వారం ఏమీ చదవలేదు. పేపర్ వేల్యుయేషన్" అని ఆవిడ రాస్తే, ఇంట్లో ఎవరో పోయినట్టు కన్నీళ్ళ బొమ్మలు పెట్టేవారు.

పరబ్రహ్మం ఆ గ్రూపులో వెలిగిపోయాడు. ముప్పై ఏళ్ళుగా ఆయనకి దొరకని ప్రేక్షకులు అక్కడ దొరికారు. వాయిస్ మెసేజ్‌లో నవల మొదలుపెట్టేవాడు. ముడి పడే చోట ఆపి, "ఆ తర్వాత ఏమైందో మీరే చదివి తెలుసుకోండి, నేను చెబితే పాపం" అనేవాడు. చెప్పడానికి ఆయన దగ్గర ఏమీ లేదని ఎవరికీ తట్టలేదు. ఆయన నిగ్రహాన్ని అందరూ మెచ్చుకున్నారు.

కరుణాకుమారి మాత్రం ఒకసారి అడిగింది. "పరబ్రహ్మం గారూ, మీ పుస్తకాలన్నీ యాభై శాతం దగ్గరే ఆగుతున్నాయేంటండీ?"

"అక్కడ ఆగి ఆలోచిస్తానండీ" అన్నాడాయన.

ఈ సమాధానాన్ని సీరియల్ అత్తగారు స్క్రీన్‌షాట్ తీసి తన స్టేటస్‌గా పెట్టుకుంది.

అలాంటి రోజుల్లో కోఠీలో ఆయనకి "పెరటి వాకిలి" అనే నవల దొరికింది. ఎప్పుడో చనిపోయిన ఒక కాకినాడ రచయిత్రిది. ఒక కలప వ్యాపారి, ఆయన భార్య. ఆ భర్త రాత్రి ఎంత ఆలస్యమైనా జేబులో మల్లెపూలు లేకుండా ఇంటికి రాడు. భార్య కాలికి ముల్లు గుచ్చుకుంటే గుమాస్తాల ఎదురుగా కింద కూర్చుని తీస్తాడు. ఆవిడ జ్వరంతో పడుకుంటే వంటగదిలో అన్నం మాడుస్తాడు. సగం పుస్తకం ఇలా సాగి, ఒకనాడు ఆవిడ పెరటి వాకిలి తీసేసరికి అక్కడ ఎవరో చిన్నపిల్ల నిలబడి ఉంటుంది. అక్కడ పరబ్రహ్మం పుస్తకం మూశాడు. ఆ పిల్ల అనాథ అనీ, పిల్లల్లేని ఈ దంపతులు పెంచుకుంటారనీ బాల్కనీలో నిలబడి తేల్చుకున్నాడు.

నెల సమావేశంలో ఈ కథ చెప్పాడు. శ్యామలాదేవి ఇంటి పై అంతస్తులో, హోటల్ నుంచి తెప్పించిన కట్‌లెట్ల మధ్య, ముల్లు తీసే ఘట్టం దగ్గర బిల్డర్ల భార్యలు కళ్ళు ఒత్తుకున్నారు. "ఇంత అందమైన దాంపత్యం నేను ఏ నవల్లోనూ చదవలేదండీ" అని ముగించాడు.

శ్యామలాదేవి చెయ్యి చాచింది. "ఆ కాపీ నాకిస్తారా?"

ఇచ్చేశాడు. ఎలాగూ ఆయనకి దానితో పని అయిపోయింది.

కొన్ని వారాల తర్వాత గ్రూపులో ప్రకటన వచ్చింది. చంద్రశేఖర్ గారి షష్టిపూర్తి. వచ్చే అతిథులందరికీ కానుకగా "పెరటి వాకిలి" నవల. రచయిత్రి కుటుంబం దగ్గర అనుమతి తీసుకుని శ్యామలాదేవి మూడు వందల కాపీలు మళ్ళీ అచ్చు వేయిస్తోంది. సూచించినవారు, మన పరబ్రహ్మం గారు.

ఫంక్షన్ హాల్లో ఆ పుస్తకాలు పట్టు సంచుల్లో దొంతరలుగా పేర్చి ఉన్నాయి. వెనక అట్ట మీద పూలదండలతో చంద్రశేఖర్, శ్యామలాదేవి నవ్వుతున్న ఫొటో. తలంబ్రాలయ్యాక చంద్రశేఖర్ ఒక కాపీ కెమెరాల వైపు పట్టుకుని, "మా ఆవిడ పుస్తకాల పిచ్చి మీ అందరికీ తెలిసిందే" అన్నాడు. జనం నవ్వారు. తర్వాత పరబ్రహ్మాన్ని వేదిక మీదకి పిలిచి శాలువా కప్పారు. ఆయన జీవితంలో మొదటి శాలువా. చేతికి మైకు కూడా ఇచ్చారు.

మైకు దొరికిన పరబ్రహ్మం ఆగలేకపోయాడు. "ఈ నవల్లో కథానాయకుడు ఎవరో కాదండీ. మన చంద్రశేఖర్ గారే. ఆయన్ని చూసే ఆ రచయిత్రి రాసిందా అనిపిస్తుంది" అన్నాడు.

హాలంతా చప్పట్లు. అందరూ ఆపేశాక కూడా శ్యామలాదేవి ఇంకాసేపు కొట్టింది.

ఆ వారంలోనే కరుణాకుమారి ఫోన్ చేసింది.

"పరబ్రహ్మం గారూ, 'పెరటి వాకిలి' మీరు ఆఖరి దాకా చదివారా?"

"చదివానండీ. ఎందుకు?"

"పెరట్లోకి వచ్చిన ఆ పిల్ల ఎవరండీ?"

"అనాథ కదండీ. పాపం, వీళ్ళు పెంచుకుంటారు."

కరుణాకుమారి విడమరిచి చెప్పింది. "ఆ పిల్ల ఆయన కూతురేనండీ. ఆయనకి ఊరి చివర ఇంకో సంసారం ఉంది. పదేళ్ళ నించీ ఉంది. మిగతా సగం పుస్తకం అదే. ఆఖర్న ఆయన షష్టిపూర్తి రోజు భార్య అందరి ముందూ చెబుతుంది, ఇకమీదట మీ భోజనం అక్కడే అని. మీరు వేదిక మీద ఏమన్నారో గుర్తుందా?"

పరబ్రహ్మానికి గుర్తుంది. దానితో పాటు ఇంకోటి కూడా గుర్తొచ్చింది. శ్రీనగర్ కాలనీలో చంద్రశేఖర్‌కి ఇంకో ఇల్లు ఉందని ఫిల్మ్‌నగర్లో లైట్‌మెన్ నుంచి హీరోల దాకా ఎరగనివాళ్ళు లేరు. పైకి మాత్రం ఎవరూ అనరు. ఇప్పుడు పరబ్రహ్మం మైకులో అన్నాడు.

మర్నాడు కౌసల్య స్కూలుకి వెళ్ళాక, వంటగదిలో స్టూలు మీద కూర్చుని పట్టు సంచిలోంచి పుస్తకం తీశాడు. ఒక నవల రెండో సగం చదవడం ఆయనకి అదే మొదలు. కలప వ్యాపారి భార్య ఒక్క చోటా ఏడవదు. ఒక మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని తనే ఆ రెండో ఇంటికి వెళుతుంది. ఆ రెండో ఆమె భయపడుతూ పీట వేస్తే కూర్చుంటుంది. "ఆయనకి పులుపు పడదు, నీకు తెలుసా?" అని అడుగుతుంది. ఆమె తెలుసంటుంది. అక్కడ పరబ్రహ్మం పుస్తకం పక్కన పెట్టి, మళ్ళీ తీశాడు. తన ఊహలో ఈ పీట లేదు, ఈ పులుపు లేదు. తన సెకండాఫ్ బాగుండదేమోనని మొదటిసారి ఒక అనుమానం కలిగింది. ఆ అనుమానాన్ని భయం తొక్కేసింది.

ఇక ఏ క్షణాన పిడుగు పడుతుందో అని గ్రూపు చూస్తూ కూర్చున్నాడు. అభిప్రాయాలు రావడం మొదలయ్యాయి.

"ఇప్పుడే పూర్తి చేశాను. ఇలాంటి దాంపత్యం ఏడేడు జన్మలకీ ఉండాలి" అని ఒక బిల్డరు భార్య.

"మానవ సంబంధాల లోతుల్ని తడిమింది" అని కలెక్టరు గారు.

"చివర్లో ఆ వృద్ధ దంపతులు గోదావరి ఒడ్డున చేతులు పట్టుకుని నిలబడే దృశ్యం నన్ను వెంటాడుతోంది" అని దంతవైద్యుడు. ఆయన తన ఏడాది నవలని కూడా పక్కన పెట్టి ఇది చదివాడట.

"అవునండీ, ఆ గోదావరి సీన్ చదివి రాత్రంతా నిద్రపోలేదు" అని సీరియల్ అత్తగారు.

ఆ నవల కాకినాడలో మొదలై కాకినాడలోనే అయిపోతుంది. గోదావరి లేదు, ఒడ్డూ లేదు, చేతులు పట్టుకోవడం అసలే లేదు.

పరబ్రహ్మానికి ముందు ఊపిరి వచ్చింది. తర్వాత చిత్రంగా కోపం వచ్చింది. తను ఎంతైనా సగం చదివే మనిషి. వీళ్ళు అట్ట కూడా తిప్పలేదు. ముప్పై ఏళ్ళుగా తన కథలు వినకుండా తల ఊపిన వాళ్ళంతా ఒక్కచోట చేరి మళ్ళీ తల ఊపుతున్నట్టు అనిపించింది. ఆ కోపంలోనే ఒక చప్పట్ల బొమ్మ పెట్టి ఫోన్ కింద పెట్టాడు.

ఆ తర్వాత ఒక ఉదయం ఇంటి ముందు కారు ఆగింది. శ్యామలాదేవి డ్రైవర్ నర్సింహ.

"మేడం తోల్కరమ్మన్నది సార్. బండెక్కున్రి."

కారు యూసుఫ్‌గూడ దాటాక పరబ్రహ్మం గొంతు సవరించుకున్నాడు. "మేడమ్ కోపంగా ఉన్నారా నర్సింహా?"

"కోపం ఏంది సార్. పొద్దుగాల లేసి చెట్లకు నీళ్ళు పోసింది. మంచిగనే ఉన్నది."

"సారు ఇంట్లోనే ఉన్నారా?"

"నిన్న గాడ ఉండె. ఇయ్యాల ఈడికొచ్చిండు."

గాడ అంటే ఎక్కడో పరబ్రహ్మం అడగలేదు. నర్సింహే అందుకున్నాడు. "గా బుక్కు నాకు గూడ ఇచ్చిన్రు సార్. మొన్న మేడం అడిగింది, చదివినవా అని. లే మేడం, టైమ్ దొరకలే అన్న. 'ఇంతమందిల నువ్వొక్కనివే నిజం చెప్పినవ్' అన్నది. గందుకే ఫికర్ అయితుంది సార్, గా బుక్కుల ఏమున్నది?"

"మంచి పుస్తకమే" అన్నాడు పరబ్రహ్మం, కిటికీలోంచి చూస్తూ.

శ్యామలాదేవి పై వరండాలో కూర్చుని ఉంది. చేతిలో ఫోన్. ఆయన కూర్చోగానే అడిగింది.

"ఆఖరి దాకా చదివారా పరబ్రహ్మం గారూ?"

"చదివానండీ."

"ఎప్పుడు?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాడు గానీ రాలేదు. "ఫంక్షన్ అయ్యాకండీ. క్షమించాలి మేడమ్. నాకు తెలిసుంటే అలాంటి పుస్తకం మీకు..."

"నాకు తెలుసు" అంది శ్యామలాదేవి. "మీ దగ్గర తీసుకున్న మర్నాడే పూర్తి చేశాను. ప్రూఫులు కూడా నేనే దిద్దాను."

పరబ్రహ్మం ఆవిడ వైపు చూశాడు.

"మా ఆయన సంగతి ఈ ఊళ్ళో అందరికీ తెలుసు. నాకు తెలుసన్న సంగతే ఎవరికీ తెలియదు. నన్ను చూసి జాలిపడుతూ, నా కట్‌లెట్లు తింటూ ఉంటారు. ఆ ఒక్క ముక్కా చెబుదామనుకున్నాను, నాకు తెలుసు అని. నోటితో చెబితే ఏడుస్తానేమోనని పుస్తకంతో చెప్పాను. మూడు వందల మందికి పంచాను. అందులో నలుగురైనా చదువుతారు, చదివి మిగతావాళ్ళ చెవిన వేస్తారు అనుకున్నాను." ఫోన్ ఆయన వైపు తిప్పింది. "గోదావరి ఒడ్డట."



"కరుణాకుమారి గారు చదివారండీ" అన్నాడు.

"చదువుతుందని తెలుసు. ఆవిడ చదివి ఏం లాభం, మంచి మనిషి, ఎవరితోనూ అనదు." శ్యామలాదేవి లేచింది. "సార్‌కి కథ చెప్పడానికి మీరు ఎన్నాళ్ళ నించీ తిరుగుతున్నారు?"

"చాలా ఏళ్ళ నించండీ."

"ఈ కథ చెప్పండి. ఆయన చదవరు గానీ వింటారు. పూర్తిగా చెప్పండి."

కింద ఆఫీసు గదిలో చంద్రశేఖర్ సోఫాలో వాలి ఉన్నాడు. తన ఇంట్లో పంచిన పుస్తకమే తనకి కథగా చెబుతున్నారని ఆయన గుర్తు పట్టలేదు. ఫస్టాఫ్ బాగా వెళ్ళింది. ముల్లు ఘట్టానికి ఆయన ఫోన్ కింద పెట్టాడు. పెరట్లో పిల్ల కనబడేసరికి లేచి కూర్చున్నాడు.

"ఇంటర్వెల్ అదిరింది బ్రహ్మం. ఫ్యామిలీలు కదులుతాయి. మిగతాది మళ్ళీ కూర్చుందాం."

"చెప్పనివ్వండి" అంది శ్యామలాదేవి. ఎప్పుడు వచ్చిందో, గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని ఉంది. "నేనూ వింటాను."

పరబ్రహ్మం చెప్పాడు. సెకండాఫ్ చెప్పడం ఆయనకి అలవాటు లేదు. ఎక్కడ లేవాలో తెలియలేదు, కళ్ళద్దాలు తియ్యడం మర్చిపోయాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంటూ పోయాడు. క్యారేజీ, పీట, పులుపు, షష్టిపూర్తి పీటల మీద ఆవిడ అన్న మాట, ఆ రోజే పెరటి వాకిలికి తాళం వేసి తాళంచెవి భర్త చేతిలో పెట్టడం. మధ్యలో చంద్రశేఖర్ ఫోన్ మోగింది. ఆయన తియ్యలేదు.

కథ అయిపోయింది. చంద్రశేఖర్ భార్య వైపు చూడలేదు. పరబ్రహ్మంతోనే మాట్లాడాడు.

"సెకండాఫ్ మార్చాలి. హీరో మీద సింపతీ పోతోంది. ఆ రెండో ఆవిడ భార్య కాదని పెట్టు. ఎవరో దూరపు చెల్లెలు, మొగుడు పోయాడు, ఈయన ఆదుకున్నాడు. అపార్థం చేసుకున్నందుకు పెళ్ళాం చివర్లో కాళ్ళ మీద పడుతుంది."

"చెల్లెలా?" అంది శ్యామలాదేవి. "శ్రీనగర్ కాలనీ చెల్లెలా?"

ఏ మాటని పుస్తకంలో పెట్టి పంచిందో, ఆ మాట ఆవిడ నోటి వెంటే వచ్చింది. అనుకున్నట్టు ఏడుపు రాలేదు. కుర్చీ గోడ పక్కకి జరిపి పైకి వెళ్ళిపోయింది.

 తర్వాత చంద్రశేఖర్ అన్నాడు. "బ్రహ్మం, ఇదంతా బయట అనకు. సెకండాఫ్ మార్చి పట్రా. నువ్వే డైరెక్ట్ చేద్దువు."

ముప్పై ఏళ్ళు ఎదురుచూసిన మాట అలాంటి పూట, అలాంటి గదిలో వినబడింది. పరబ్రహ్మం ఆలోచించుకునేలోపే ఆయన తల ఊగింది. అదొక్కటే ఆయన శరీరంలో బాగా శిక్షణ పొందిన భాగం.

ఇంటికెళ్ళి కౌసల్యతో చెప్పాడు. ఆవిడ కూరగాయలు తరుగుతోంది.

"మరి ఆవిడకేం చెబుతారు?" అంది.

"ఆవిడకి చెప్పేదేముంది? ఇది వృత్తి."

"సరే" అని కౌసల్య బెండకాయలు తరగడంలో పడింది. ఆ సరేని పరబ్రహ్మం చాలా రోజులు మోశాడు.

మణికొండలో ఒక అతిథిగృహం తీసుకుని కథా చర్చలు మొదలుపెట్టారు. మొదటి వెర్షన్లో రెండో ఆమె చెల్లెలైంది. రెండో వెర్షన్లో కవల చెల్లెలైంది. హీరోకి వినిపిస్తే, ఆయన తన మనవడి బారసాల నుంచి వచ్చి, "నాకు అరవై ఏళ్ళేంటి?" అన్నాడు. కథానాయకుడి వయసు ముప్పై ఐదుకి దిగింది. షష్టిపూర్తి కాస్తా నిశ్చితార్థమైంది. కలప వ్యాపారం ఓడరేవైంది. పెరటి వాకిలి హెలిప్యాడ్ అయింది. ముల్లు తీసే ఘట్టం ఉంచుదామని పరబ్రహ్మం పట్టుబడితే, విలన్ గుండెలో కత్తిగా మార్చి ఉంచారు. భార్య పాత్ర ఫొటోకి దండ వేసి మొదటి రీల్లోనే ముగించారు. అలా అయితే ఎవరి కాళ్ళ మీదా పడక్కర్లేదు. ఇంతా అయ్యాక చంద్రశేఖర్‌కి కోకాపేటలో ఏదో స్థలం వచ్చింది, సినిమా మీద మనసు పోయింది. అతిథిగృహం ఖాళీ చేశారు.

ఈలోగా శ్యామలాదేవి కొండ దిగింది. వెంగళరావు నగర్‌లో ఆవిడ తండ్రి కొనిచ్చిన పాత ఫ్లాటు ఉంది. పుస్తకాలు, రెండు బీరువాలు, ఒక పూలకుండీల వరసతో అందులోకి మారిపోయింది. అడిగిన వాళ్ళతో "మోకాళ్ళు, కొండ ఎక్కలేకపోతున్నాను" అంది. ఆ మాటని అందరూ సంతోషంగా నమ్మారు, మోకాళ్ళ డాక్టర్ల పేర్లు కూడా పంపారు. గ్రూపులో ఆవిడ చివరి సందేశం ఒకటే. "ఆ నవల్లో గోదావరి లేదు." ఇది రాసి బయటికి వచ్చేసింది. దాని కింద నలుగురు చప్పట్లు కొట్టారు. కలెక్టరు గారు "లోతైన మాట" అన్నాడు. గ్రూపు ఇప్పుడు దంతవైద్యుడి ఆధ్వర్యంలో మునుపటికన్నా జోరుగా నడుస్తోంది.

చంద్రశేఖర్ ఆ ఫ్లాటుకి ఒకటి రెండుసార్లు వచ్చాడని అంటారు. కాఫీ ఇచ్చిందట. అంతకుమించి ఎవరికీ తెలియదు.

రెండు వీధుల అవతలే ఉంటున్నా, పరబ్రహ్మం ఆ వైపు వెళ్ళడానికి మొహం చెల్లక కూరగాయల కొట్టుకి చుట్టు తిరిగి వెళ్ళేవాడు. చివరికి ఒకరోజు కరుణాకుమారి ఒక నవల పట్టుకుని ఆయన ఇంటికే వచ్చింది.

"శ్యామల గారింట్లో ఆదివారాలు ఇద్దరం కూర్చుని చదువుకుంటున్నామండీ. ఇది చదివి ఈ ఆదివారం మీరూ రండి. కౌసల్య గారూ, మీరు కూడా."

"నన్ను రమ్మన్నారా ఆవిడ?" అన్నాడు పరబ్రహ్మం.

"తీసుకురమ్మనలేదు. తీసుకురావద్దనీ అనలేదు."

ఆదివారం తలుపు తీసిన శ్యామలాదేవి ఆయన్ని చూసి వెంటనే పక్కకి తప్పుకోలేదు.

"మీ కథలో చెల్లెలు ఎలా ఉంది?" అని అడిగింది.

"హెలికాప్టర్ ఎక్కి వెళ్ళిపోయిందండీ" అన్నాడు పరబ్రహ్మం తల దించుకుని. "సినిమా ఆగిపోయింది. నేను మీకు ద్రోహం చేశాను మేడమ్."

"చేశారు" అంది ఆవిడ. "మేడమ్ అనకండి, ఇక్కడ డ్రైవర్ కూడా లేడు. లోపలికి రండి."

ఆ వారం వాళ్ళు చదువుతున్న నవల్లో ఒక తల్లి, కొడుకు ప్రేమించిన అమ్మాయి రాసిన ఉత్తరం దాచేస్తుంది. ఆమె చేసింది తప్పని కరుణాకుమారి అంది. కొడుకు అంత తెలివితక్కువ వాడైతే ఉత్తరం అందినా లాభం లేదని కౌసల్య అంది. తను నలభై పేజీలే చదివాననీ, అందులో ముప్పై అనవసరమనీ కూడా అంది. పరబ్రహ్మం ఆ తల్లి వైపు మాట్లాడాడు. పెద్దవాళ్ళు చేసే కొన్ని పనులు క్షమించాలన్నాడు.

"మీ క్షమాపణలు మణికొండలో చూశాం" అంటూ శ్యామలాదేవి వంటింట్లోంచే అందుకుంది. ఆ తల్లిని సమర్థించే వాక్యం ఏ పేజీలో ఉందో చూపించమంది. ఆయన వెతికాడు, దొరకలేదు. దొరకనందుకు గొంతు పెంచాడు. కరుణాకుమారి ఆయన చేతిలోంచి పుస్తకం లాక్కుని, తనకి కావలసిన పేరా పైకి చదవడం మొదలుపెట్టింది. కౌసల్య ఆ పేరాలో కూడా తప్పు పట్టింది. పెనం మీద ఉల్లి అట్టు మాడుతున్న వాసన ఇల్లంతా కమ్మింది. వేసిన మనిషి అట్లకాడ చేత్తో పట్టుకుని హాల్లో నిలబడి పరబ్రహ్మంతో వాదిస్తోంది.